టేబుల్ మీద హక్కున్నా ఫైలు ఎందుకు తెరుచుకోదు? పోస్ట్‌గ్రెస్ లార్జ్ ఆబ్జెక్టులకు డిఫాల్ట్ అనుమతులు

భీమవరం, ఆకివీడు, కాళ్ళ వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఏదైనా తీసుకోండి. పట్టుబడి రోజు లారీలో వచ్చే సరుకు వెనకాలే ఒక కట్ట కాగితాలు వస్తాయి. చెరువు రిజిస్ట్రేషన్ కాగితం, సీడ్ తెచ్చిన హ్యాచరీ వివరాలు, పీసీఆర్ టెస్టు రిపోర్టు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు లేవని ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) రాసిన తూకం చీటీ ఫొటో, డబ్బు వేయడానికి రైతు బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్. ఫలానా డబ్బాలో ఉన్న రొయ్య ఏ చెరువుదో చెప్పమని కొనుగోలుదారు ఎప్పుడు అడిగినా ఈ కట్టలోంచే తీసి చూపించాలి. అందుకే ఇవన్నీ డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు.

అలాంటి ప్లాంటు ఒకటి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడుతోందని అనుకుందాం. ఆడిటర్ల కోసం విడిగా ఒక లాగిన్ పెట్టి, లాట్ల టేబుల్ మీద సెలెక్ట్ హక్కు, అంటే చదివే హక్కు, ఇచ్చారు. ఆడిటర్ లాట్ నంబరు కొట్టగానే వరుస వచ్చింది. చెరువు, తేదీ, కౌంట్, బరువు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ల్యాబ్ రిపోర్టు మీద నొక్కితే మాత్రం ‘పర్మిషన్ డినైడ్ ఫర్ లార్జ్ ఆబ్జెక్ట్ 24817’ అని వస్తోంది. కాలమ్ కనబడుతోంది, అందులో 24817 అన్న అంకె కూడా కనబడుతోంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. అడ్మిన్ టేబుల్ మీద గ్రాంట్ (హక్కు ఇచ్చే కమాండు) మళ్ళీ కొడతాడు, టేబుళ్ళని గుంపుగా పెట్టే స్కీమా మీద కూడా కొట్టి చూస్తాడు. ఏమీ మారదు. కంటైనర్ లోడింగ్ టైము దగ్గరపడి టెన్షన్ ఎక్కువయ్యాక ఆడిటర్ లాగిన్‌కి సూపర్‌యూజర్ హోదా, అంటే ఏ హక్కుల తనిఖీ లేని సర్వాధికారం, ఇచ్చేస్తాడు. వెంటనే అన్నీ తెరుచుకుంటాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. ఆ లాగిన్ ఇప్పుడు ప్లాంటు జీతాల టేబుల్ కూడా చదవగలదు, మొత్తం డేటాబేస్‌ని చెరిపెయ్యగలదు.

ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే పోస్ట్‌గ్రెస్ పెద్ద ఫైలుని ఎక్కడ దాస్తుందో చూడాలి. అందుకు రెండు దారులున్నాయి. మొదటిది బైట్ఏ అనే రకం కాలమ్. ఫైలు బైట్లన్నీ ఆ వరుసకే చెందుతాయి. లోపల వాటిని ముక్కలు చేసి పక్కన దాచినా, మనకు కనిపించేది మామూలు కాలమే. టేబుల్ మీద సెలెక్ట్ ఉంటే ఫైలూ చదవొచ్చు. ఒక విలువ 1 జీబీ దాటకూడదన్నది దాని హద్దు. రెండో దారి లార్జ్ ఆబ్జెక్ట్. ఇక్కడ ఫైలు మన టేబుల్లో ఉండదు. పీజీ_లార్జ్ఆబ్జెక్ట్ అనే సిస్టమ్ కేటలాగ్‌లో (పోస్ట్‌గ్రెస్ సొంత లెక్కల టేబుల్‌లో) మామూలుగా 2 కేబీ ముక్కలుగా పడుకుంటుంది. 300 కేబీ ల్యాబ్ రిపోర్టు అక్కడ 150 ముక్కలవుతుంది. మన టేబుల్లో మిగిలేది దాని నంబరు ఒక్కటే, ఆ నంబరునే ఓఐడీ అంటారు. ఒక్కో ఆబ్జెక్ట్ 4 టీబీ దాకా పెరగొచ్చు. ఫైలు మధ్యకి వెళ్ళి అక్కడి నుంచే చదవొచ్చు, అక్కడే తిరగరాయొచ్చు. 9.3 వెర్షన్‌కి ముందు ఒక్కో ఆబ్జెక్ట్ హద్దు 2 జీబీయే.

కావాలని లార్జ్ ఆబ్జెక్టులని ఎంచుకునేవాళ్ళు తక్కువ. జావాలో హైబర్నేట్ అనే డేటాబేస్ లైబ్రరీ వాడే ప్రోగ్రామర్ బైట్ల ఫీల్డు మీద ‘లాబ్’ అని ఒక గుర్తు పెడతాడు, పోస్ట్‌గ్రెస్‌కి వచ్చేసరికి అది ఓఐడీ కాలమ్ అయి కూర్చుంటుంది. రాసినవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. రెండేళ్ళ తర్వాత ఆడిటర్ లాగిన్ దగ్గర బయటపడుతుంది.

ఫైలు ఉండే చోటు వేరు కాబట్టి దాని హక్కుల లెక్కా వేరు. ప్రతి లార్జ్ ఆబ్జెక్ట్‌కీ సొంత యజమాని, సొంత హక్కుల జాబితా ఉంటాయి. ఆ వివరాలు పీజీ_లార్జ్ఆబ్జెక్ట్_మెటాడేటా అనే ఇంకో కేటలాగ్‌లో ఒక్కో ఆబ్జెక్ట్‌కి ఒక్కో వరుసగా ఉంటాయి. ఇవ్వగలిగిన హక్కులు రెండే. సెలెక్ట్ ఉంటే చదవొచ్చు, అప్‌డేట్ ఉంటే రాయొచ్చు, కత్తిరించొచ్చు. తీసెయ్యడానికి విడిగా హక్కంటూ లేదు, అది యజమానికో సూపర్‌యూజర్‌కో మాత్రమే చెల్లుతుంది. ఎవరికీ ఏమీ ఇవ్వకపోతే యజమాని, సూపర్‌యూజర్ తప్ప ఇంకెవరూ చదవలేరు. మన కథలో యజమాని ఎవరు? ఫైలుని ఎక్కించిన యాప్ లాగిన్. ఆడిటర్‌కి టేబుల్ తాళం ఇచ్చారు గానీ 24817కి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

2010 నుంచి 2025 దాకా

మొదట్లో ఈ గొడవే లేదు, ఎందుకంటే అసలు కాపలాయే లేదు. 9.0 వెర్షన్‌కి ముందు లార్జ్ ఆబ్జెక్టులకి యజమాని లేడు, హక్కులూ లేవు. డేటాబేస్‌లోకి అడుగుపెట్టిన ఎవరైనా ఏ ఆబ్జెక్ట్‌నైనా చదవొచ్చు, రాయొచ్చు, తీసెయ్యొచ్చు. 2010 సెప్టెంబరులో వచ్చిన 9.0 ఆ తలుపు మూసింది. అదే విడుదలలో ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ అనే కమాండు కూడా వచ్చింది. ‘ఇకమీదట ఫలానా రోల్ (లాగిన్ లేదా లాగిన్ల గ్రూపు) తయారుచేసే ప్రతి టేబుల్ మీద ఫలానావాళ్ళకి ఈ హక్కులుండాలి’ అని ముందే చెప్పి పెట్టుకునే ఏర్పాటు అది. టేబుళ్ళు, సీక్వెన్సులు, ఫంక్షన్లు దాని కిందికి వచ్చాయి. తర్వాత టైపులు, వెర్షన్ 10లో స్కీమాలు చేరాయి. లార్జ్ ఆబ్జెక్టులు మాత్రం బయటే ఉండిపోయాయి. ఒకే విడుదలలో ఒక చేత్తో తాళం వేసి, ఆ తాళానికి తాళంచెవులు పంచే పద్ధతిని ఇంకో చేత్తో మిగతా అందరికీ ఇచ్చినట్టయింది. 2025 సెప్టెంబరు 25న వెర్షన్ 18 వచ్చేదాకా, అంటే 15 ఏళ్ళు, పరిస్థితి ఇంతే.

ఇది చిన్న లోటు అనిపించొచ్చు. టేబుళ్ళతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో టేబుళ్ళు వంద ఉంటాయేమో, కొత్తది నెలకొకటి పుడుతుంది. మరచిపోయినా చేత్తో గ్రాంట్ ఇచ్చుకోవచ్చు. లార్జ్ ఆబ్జెక్టులు అలా కాదు. పట్టుబళ్ళ సీజన్‌లో ఒక్క రోజులోనే కొన్ని వందలు పుట్టొచ్చు. పైగా టేబుళ్ళకున్నట్టు ‘ఈ స్కీమాలో ఉన్నవన్నీ’ అని ఒక్క దెబ్బతో ఇచ్చే గ్రాంట్ వీటికి లేదు. ప్రతి నంబరూ పేరుపేరునా రాయాలి. ఏవి ఎక్కువ పుడతాయో వాటికే డిఫాల్ట్ లేకపోవడం వింతే.

ఈ 15 ఏళ్ళూ జనం ఏదో ఒకటి చేసి నెట్టుకొచ్చారు. ఎక్కువమంది పట్టుకున్నది రాత్రిపూట నడిచే స్క్రిప్టు. మెటాడేటా కేటలాగ్‌లో ఉన్న నంబర్లన్నీ తిరగేసి ఒక్కోదానికీ గ్రాంట్ కొడుతుంది. పని చేస్తుంది, కానీ మధ్యాహ్నం ఎక్కిన రిపోర్టుని ఆడిటర్ సాయంత్రం చూడలేడు. కొందరు యాప్‌లోనే ఫైలు ఎక్కించిన వెంటనే గ్రాంట్ కొట్టేలా రాశారు. అది నయం, కానీ ఫైలు ఎక్కించే దారులన్నిటిలోనూ ఆ లైను ఉండాలి. మొబైల్ యాప్ కోసం కొత్తగా వచ్చిన కుర్రాడు రాసిన దారిలో అది ఉండదు.

అన్నిటికంటే ప్రమాదమైనది లో_కంపాట్_ప్రివిలేజెస్ అనే సెట్టింగ్. 9.0కి మారినప్పుడు పాత సాఫ్ట్‌వేర్లు ఆగిపోకూడదని పెట్టిన వెసులుబాటు అది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సూపర్‌యూజర్ ఆన్ చెయ్యగలడు. ఆన్ చేస్తే లార్జ్ ఆబ్జెక్టుల మీద హక్కుల తనిఖీ 9.0కి ముందు ఉన్న స్థితికి పోతుంది. ఎర్రర్ మెసేజి పట్టుకుని వెతికేవాళ్ళకి ఈ సలహా తొందరగా దొరుకుతుంది, ఒక్క లైనుతో పని అయిపోతుంది కూడా. చదవడానికి మాత్రమే తలుపు తీశామనుకుంటారు, కానీ తీసెయ్యడానికి యజమానే కావాలన్న తనిఖీ కూడా దాంతోపాటే పోతుంది. చూడడానికి మాత్రమే ఇచ్చిన ఆడిటర్ లాగిన్‌తో లో_అన్‌లింక్ అనే తీసేసే ఫంక్షన్ కొడితే ల్యాబ్ రిపోర్టు మాయమవుతుంది. లాట్ వరుస అలాగే ఉంటుంది, 24817 అన్న నంబరు అలాగే ఉంటుంది, వెనక ఫైలు ఉండదు. కొన్నేళ్ళ క్రితం ఎవరో ఆన్ చేసి వెళ్ళిపోయిన ఈ సెట్టింగ్ ఇంకా అలాగే ఉందేమో చూసుకోవడం 18కి మారినా మారకపోయినా చెయ్యాల్సిన పని.

వెర్షన్ 14లో వచ్చిన పీజీ_రీడ్_ఆల్_డేటా అనే రెడీమేడ్ రోల్ మీద కొందరు ఆశ పెట్టుకున్నారు. పేరు చూస్తే అన్నీ చదవనిస్తుందనిపిస్తుంది. టేబుళ్ళు, వ్యూలు, సీక్వెన్సుల వరకే దాని మాట చెల్లింది. బ్యాకప్ తీసే లాగిన్‌కి ఈ రోల్ ఇచ్చి నిశ్చింతగా ఉన్నవాళ్ళకి బ్యాకప్ టూల్ పీజీ_డంప్ సగంలో అదే లార్జ్ ఆబ్జెక్ట్ ఎర్రర్‌తో ఆగినప్పుడు గానీ సంగతి తెలిసిరాదు.

కొత్త కమాండు ఏం చేస్తుంది

వెర్షన్ 18లో పాత కమాండుకే లార్జ్ ఆబ్జెక్ట్స్ అన్న మాట కలిసింది. ఫైళ్ళు ఎక్కించే రోల్ పేరు ‘యాప్_రాత’, చూసేవాళ్ళ గ్రూపు రోల్ పేరు ‘ఆడిట్_గ్రూప్’ అనుకుంటే, కొట్టాల్సింది ఇంతే: ‘ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ యాప్_రాత గ్రాంట్ సెలెక్ట్ ఆన్ లార్జ్ ఆబ్జెక్ట్స్ టు ఆడిట్_గ్రూప్’. కమాండుని ఇక్కడ తెలుగు లిపిలో చూపించినా కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. రోల్ పేర్లు మాత్రం తెలుగులో పెట్టుకున్నా పోస్ట్‌గ్రెస్ కాదనదు, డేటాబేస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయితే చాలు.

కమాండు కొట్టగానే ఫైళ్ళకేమీ కాదు. పీజీ_డిఫాల్ట్_ఏసీఎల్ అనే కేటలాగ్‌లో ఒక వరుస పడుతుంది, అంతే. ఆ తర్వాత యాప్_రాత ఒక ఫైలు ఎక్కించినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ వరుసని చూసి, కొత్త ఆబ్జెక్ట్ హక్కుల జాబితాలో రెండు పద్దులు రాస్తుంది: యజమానికి చదవడం, రాయడం రెండూ, ఆడిట్_గ్రూప్‌కి చదవడం ఒక్కటే. అంతకుముందు ఎక్కిన ఫైళ్ళలో ఆ జాబితా గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ అంటే అందరికీ అని కాదు, యజమానికి మాత్రమే అని అర్థం. పోస్ట్‌గ్రెస్‌కి కమాండులు కొట్టే పీఎస్‌క్యూఎల్ టూల్‌లో బ్యాక్‌స్లాష్ డీడీపీ కొడితే ఏ రోల్‌కి ఏ డిఫాల్ట్ ఉందో కనబడుతుంది. ఒక ఆబ్జెక్ట్ మీద ఒకరికి హక్కు ఉందా లేదా అని నేరుగా అడగడానికి హ్యాజ్_లార్జ్ఆబ్జెక్ట్_ప్రివిలేజ్ అనే ఫంక్షన్ కూడా 18లోనే వచ్చింది. అంతకుముందు ఆ జాబితా గడిని చూసి మనమే అర్థం చేసుకోవాల్సి వచ్చేది.

డెల్టాలో కాలువ మీద తూములు వేసే పద్ధతితో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇకమీదట వేసే తూములన్నీ ఇంత సైజు ఉండాలని ఉత్తర్వు వస్తే కొత్త తూములకి అది వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్న పాత తూము కింద నీళ్ళు ఒక్క చుక్క కూడా పెరగవు. దాన్ని మార్చాలంటే దాని దగ్గరికి వెళ్ళి పని చెయ్యాల్సిందే.

అంటే పాత ఫైళ్ళకి ఒక్కసారి ఆ స్క్రిప్టు నడపక తప్పదు. ఇందులో ఏది ముందు చెయ్యాలన్నది ముఖ్యం. ముందు డిఫాల్ట్ పెట్టి, తర్వాత పాతవాటికి గ్రాంట్ కొట్టాలి. తిరగేసి చేస్తే రెంటికీ మధ్య ఎక్కిన ఫైళ్ళు జారిపోతాయి. సరైన వరుసలో చేసినా ఒక చిన్న కంత మిగులుతుంది. డిఫాల్ట్ పెట్టకముందే మొదలై, స్క్రిప్టు నంబర్లు చదివేసరికి ఇంకా కమిట్ కాని (అంటే ఖరారు కాని) ట్రాన్సాక్షన్‌లో పుట్టిన ఫైలు రెండిటికీ చిక్కదు. అందుకని స్క్రిప్టుని కాసేపాగి మళ్ళీ ఒకసారి నడిపితే నష్టమేమీ లేదు. ఒక్కో గ్రాంట్ వాక్యంలో చాలా నంబర్లు కామాలతో రాయొచ్చు కాబట్టి లక్షల్లో ఉంటే కొన్ని వందల చొప్పున విడగొట్టి, మధ్యమధ్య కమిట్ చేస్తూ పోవడం మేలు.

ఎవరి పేరున పుడుతోంది?

ఈ కమాండులో అందరూ తేలిగ్గా తీసుకునే ముక్క ‘ఫర్ రోల్’. హక్కు ఎవరికి ఇవ్వాలన్న దాని మీదే అందరి చూపూ ఉంటుంది. ఫలితాన్ని తేల్చేది మాత్రం ఫైలు ఎవరి పేరున పుడుతోందన్నదే. ఫర్ రోల్ రాయకపోతే ఆ కమాండు కొట్టినవాడి పేరునే డిఫాల్ట్ పడుతుంది. అడ్మిన్ తన లాగిన్‌తో వచ్చి ఫర్ రోల్ లేకుండా కొట్టి వెళ్ళిపోతాడు. ఎర్రర్ ఏమీ రాదు. అడ్మిన్ ఎక్కించే ఫైళ్ళకి డిఫాల్ట్ ఉంటుంది, ఆయన మాత్రం ఒక్క ఫైలూ ఎక్కించడు.

రెండో మలుపు ఇంకా ఇబ్బందైనది. ఆకివీడు కొనుగోలు కేంద్రంలో ఒక లాగిన్, నరసాపురంలో ఒకటి, ల్యాబ్‌కి ఒకటి ఉన్నాయనుకోండి. మూడూ యాప్_రాత గ్రూపులో సభ్యులే. అయినా నరసాపురం లాగిన్ ఎక్కించిన ఫైలు నరసాపురం లాగిన్ పేరునే పుడుతుంది. గ్రూపుకి పెట్టిన డిఫాల్ట్ సభ్యులకి దిగదు. హక్కులైతే గ్రూపు నుంచి వారసత్వంగా వస్తాయి గానీ డిఫాల్ట్‌లు అలా రావు. ఇక్కడ రెండే దారులు. ప్రతి లాగిన్‌కీ విడివిడిగా డిఫాల్ట్ పెట్టడం ఒకటి. లాగిన్ అవ్వగానే యాప్_రాత వేషంలోకి మారిపోయేలా ప్రతి లాగిన్‌కీ సెట్ రోల్ ఖాయం చెయ్యడం ఇంకొకటి. రెండోదే మెరుగు. ఫైళ్ళన్నీ ఒకే యజమాని పేరున ఉంటాయి, రేపు నరసాపురం ఉద్యోగి మానేస్తే ఆ లాగిన్ తీసెయ్యడానికి అడ్డుండదు. మొదటి దారిలో ఆ లాగిన్‌ని డ్రాప్ చెయ్యబోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. దాని పేరున ఉన్న ఫైళ్ళని రీఅసైన్ ఓన్డ్‌తో మరొకరికి అప్పగించి, డిఫాల్ట్ పద్దులని డ్రాప్ ఓన్డ్‌తో తుడిచాకే అది పోతుంది.

టేబుళ్ళ డిఫాల్ట్‌లకి అలవాటు పడ్డవాళ్ళు ఇన్ స్కీమా అన్న షరతు కూడా చేర్చబోతారు. లార్జ్ ఆబ్జెక్టులు ఏ స్కీమాకీ చెందవు కాబట్టి కమాండు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ వల్ల నష్టం లేదు. దాని వెనకున్న అసలు పరిమితిని మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. టేబుళ్ళనైతే జీతాలు ఒక స్కీమాలో, లాట్లు ఒక స్కీమాలో పెట్టి విడివిడిగా హక్కులివ్వొచ్చు. ఫైళ్ళని అలా వేరుచెయ్యడానికి గది గోడలే లేవు. యాప్_రాత ఎక్కించే ల్యాబ్ రిపోర్టూ, యాప్_రాత ఎక్కించే రైతు పాస్‌బుక్ స్కానూ డిఫాల్ట్ దృష్టిలో ఒకటే. ఆడిటర్‌కి మొదటిది చూపించాలని పెట్టిన డిఫాల్ట్ రెండోదాన్నీ చూపిస్తుంది.

‘పాస్‌బుక్ టేబుల్ మీద ఆడిటర్‌కి హక్కు ఇవ్వలేదుగా, నంబరు తెలియకపోతే ఎలా చూస్తాడు?’ అనుకోవచ్చు. నంబర్లు రహస్యం కావు. ఫైళ్ళ ముక్కలుండే కేటలాగ్‌ని 9.0 నుంచి అందరికీ మూసేశారు గానీ, యజమానులూ హక్కులూ ఉండే మెటాడేటా కేటలాగ్ ఎవరైనా చదవొచ్చు. అందులో ప్రతి నంబరూ ఉంటుంది. ఆడిటర్ లాగిన్ ఉన్నవాడు ఆ నంబర్లు వరసగా తీసి ఒక్కోదాని మీద లో_గెట్ అనే చదివే ఫంక్షన్ కొడితే, తనకి సెలెక్ట్ ఉన్న ప్రతి ఫైలూ చేతికొస్తుంది. టేబుల్ మీద రో లెవెల్ సెక్యూరిటీ పెట్టి ఒక్కో కొనుగోలుదారు ఆడిటర్‌కి తన లాట్లే కనబడేలా కట్టుదిట్టం చేసినా సరే, వరుస దాగుతుంది గానీ ఫైలు దాగదు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చాక రైతు బ్యాంకు వివరాలు ఇలా పరాయి చేతుల్లో పడడాన్ని చిన్న పొరపాటని కొట్టిపారేసే వీలు లేదు.

దీనికి విరుగుడు మళ్ళీ పుట్టుక దగ్గరే ఉంది. ఒక్కో రకం ఫైలుకి ఒక్కో ఎక్కించే రోల్ పెట్టాలి. ల్యాబ్ రిపోర్టులు ‘ల్యాబ్_రాత’ పేరున పుట్టాలి, రైతుల వ్యక్తిగత కాగితాలు ‘రైతు_రాత’ పేరున పుట్టాలి. ఆడిట్_గ్రూప్‌కి డిఫాల్ట్ మొదటిదాని మీదే ఉండాలి. యాప్ ఫైలు ఎక్కించే ముందు ట్రాన్సాక్షన్‌లో సెట్ లోకల్ రోల్ కొడితే చాలు, విడిగా కనెక్షన్లు అక్కర్లేదు. ఆడిటర్‌ని బట్టి ఫైళ్ళు కూడా మారాలంటే మాత్రం డిఫాల్ట్ అనుమతులు చాలవు. అప్పుడు నేరుగా ఫైలు మీద హక్కు ఇవ్వకుండా, లాట్ నంబరు తీసుకుని, అడిగినవాడికి ఆ లాట్ చూసే అర్హత ఉందో లేదో తేల్చి, ఫైలు బైట్లు తిరిగిచ్చే సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్ (పిలిచినవాడి హక్కులతో కాక తన యజమాని హక్కులతో నడిచేది) ఒకటి రాసుకోవాలి. 18కి ముందు నుంచీ ఉన్న దారుల్లో సిగ్గుపడనక్కర్లేనిది ఇదొక్కటే. 18 వచ్చినా దీని అవసరం తీరలేదు.

హక్కుని మనిషి లాగిన్‌కి కాకుండా గ్రూపు రోల్‌కి ఇవ్వాలనడానికీ ఇక్కడ బలమైన కారణముంది. డిఫాల్ట్ ప్రకారం వచ్చే హక్కు ప్రతి ఫైలు జాబితాలోనూ విడిగా రాసి ఉంటుంది. ఆడిటర్ పేరునే ఇస్తే, ఆయన మారిన రోజున లక్షల జాబితాల్లోంచి ఆ పేరు తీసి కొత్త పేరు రాయాలి. గ్రూపుకి ఇస్తే గ్రూపులోంచి ఒకరిని తీసి ఇంకొకరిని చేర్చడంతో సరి, ఒక్క ఫైలునీ ముట్టుకోనక్కర్లేదు. ఇంకో లాభం బ్యాకప్‌లో కనబడుతుంది. వెర్షన్ 17 నుంచి పీజీ_డంప్ ఒకే యజమాని, ఒకే హక్కుల జాబితా ఉన్న లార్జ్ ఆబ్జెక్టులని గుత్తులుగా కట్టి రాస్తుంది. అంతకుముందు ఒక్కోదానికీ ఒక్కో పద్దు రాసేది, లక్షల్లో ఉంటే మెమరీ ఉబ్బిపోయేది. జాబితాలు ఎంత ఏకరీతిగా ఉంటే గుత్తులు అంత పెద్దవవుతాయి. చేత్తో అక్కడక్కడా గ్రాంట్లు ఇచ్చి చిందరవందర చేసుకున్న డేటాబేస్‌కి ఆ లాభం తగ్గుతుంది.

హక్కు పబ్లిక్‌కి, అంటే అన్ని రోల్‌లకీ, ఇవ్వడం గురించి ఒక్క మాట చాలు: వద్దు. అప్‌డేట్ హక్కు డిఫాల్ట్‌గా ఇవ్వడమూ దాదాపు అంతే. ల్యాబ్ రిపోర్టు ఒకసారి ఎక్కాక ల్యాబ్‌వాళ్ళు కూడా దాన్ని అక్కడే దిద్దకూడదు. తప్పుంటే కొత్తది ఎక్కించాలి. ఇంకొకటి, డిఫాల్ట్‌లు ఒక డేటాబేస్‌కే పరిమితం. అదే సర్వర్‌లో టెస్టింగ్ కోసం పెట్టుకున్న రెండో డేటాబేస్‌లో మళ్ళీ కొట్టుకోవాలి.

ఇంతా చేశాక, అసలు లార్జ్ ఆబ్జెక్ట్ అవసరమా అన్న ప్రశ్న మిగులుతుంది. ఆక్వా ప్లాంటు ఫైళ్ళలో చాలావరకూ కొన్ని వందల కేబీల పీడీఎఫ్‌లు, ఫోన్లో తీసిన ఫొటోలు. వీటి మధ్యకి వెళ్ళి చదవాల్సిన పని ఎవరికీ లేదు. బైట్ఏ కాలమ్‌లో పెడితే టేబుల్ హక్కూ, రో లెవెల్ సెక్యూరిటీ, స్కీమా డిఫాల్ట్ అన్నీ ఫైలుకి కూడా తిన్నగా వర్తిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆ దారే పట్టాలి. 18లో వచ్చిన సౌకర్యం ముఖ్యంగా ఇప్పటికే లక్షల ఓఐడీలతో నడుస్తున్న పాత సాఫ్ట్‌వేర్లకి, ఒక్కో ఫైలు 1 జీబీ దాటే అరుదైన చోట్లకి పనికొస్తుంది.

ఆ పాత సాఫ్ట్‌వేర్లలో కొత్త డిఫాల్ట్ పెట్టేముందు చూసుకోవాల్సినది ఇంకొకటుంది. లాట్ వరుసని డిలీట్ చేస్తే దాని ఫైలు పోదు. నంబరు చెరిగిపోతుంది, ఫైలు అనాథలా కేటలాగ్‌లో మిగిలిపోతుంది. పాతవాటికి గ్రాంట్లు కొట్టే స్క్రిప్టు అనాథలకి కూడా హక్కులిచ్చేస్తుంది. లెక్క తేలిపోయి వెళ్ళిపోయిన రైతు పాస్‌బుక్ కూడా ఆడిటర్‌కి తెరుచుకుంటుంది. కాబట్టి ముందు వాటిని ఏరెయ్యాలి. అందుకు వాక్యూమ్ఎల్ఓ అనే టూల్ ఉంది. అయితే అది ఓఐడీ రకం కాలమ్‌లలో, లో అనే రకం కాలమ్‌లలో మాత్రమే నంబర్లు వెతుకుతుంది. హైబర్నేట్ కొన్నిచోట్ల ఇదే నంబరుని టెక్స్ట్ కాలమ్‌లో మామూలు అక్షరాల్లా రాసి పెడుతుంది. ఆ కాలమ్‌ల వైపు వాక్యూమ్ఎల్ఓ చూడను కూడా చూడదు, బతికున్న రిపోర్టులని అనాథలనుకుని తీసేస్తుంది. ముందు మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడిపితే ఏమీ తీసెయ్యకుండా ఎన్ని తీసేదో లెక్క మాత్రం చెబుతుంది. ఆ లెక్క అనుకున్నదానికంటే మరీ ఎక్కువగా ఉంటే టెక్స్ట్ కాలమ్‌లని ఒక్కోదాన్నీ తెరిచి చూడాలి, గ్రాంట్ల స్క్రిప్టు సంగతి ఆ తర్వాతే.